తీసెయ్యి, చేర్చు

మెట్లెక్కుతూ థీసిస్ దిద్దగల మనిషి ఆ యూనివర్సిటీ మొత్తంలో ఆవిడొక్కతే. భుజానికి రెండు సంచులు, ఎడమ చేతిలో కాగితాలు, కుడి చేతిలో ఎర్ర పెన్ను, మెడకీ చెవికీ మధ్య ఫోను. మూడో అంతస్తు చేరేసరికి నాలుగు పేజీలు అయిపోయేవి. చూసినవాళ్ళు "అబ్బ, ఏం ఓపికండీ!" అనేవారు. ఆ మాట ఆవిడకి ఇష్టమే, అబద్ధమెందుకు.

పనిచేసే చోట రేగే దుమ్ము గురించి, అది మనుషుల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందన్నదాని గురించి పాతికేళ్ళుగా పాఠాలు చెబుతోంది. పదకొండు కమిటీల్లో ఉంది. ఏడుగురు పరిశోధక విద్యార్థులకి గైడు. ఎవరేం అడిగినా "సరేనండి" అంటుందని వెనకాల అందరూ సరేనండి మేడమ్ అని పేరు పెట్టారు. ఒకసారి ఆ పేరు ఆవిడ చెవినే పడింది. నవ్వేసి, దానికీ సరే అంది.

మూడు వారాలుగా ఎడమ కన్ను అదురుతోంది. ఆడవాళ్ళకి ఎడమ కన్నదిరితే మంచిదంటారు. ఇన్ని వారాలు అదిరిందంటే ఇంకెంత మంచి జరగాలో అని తనమీద తనే జోకు వేసుకునేది గానీ, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి తీరిక దొరకలేదు.

సోమవారం పొద్దున రెండో అంతస్తు దాటుతుంటే పెద్దసారు ఫోన్ చేశాడు. అక్కడి విభాగాలన్నిటికీ ఆయనే పైవాడు.

"శుక్రవారం మన టీచర్లందరికీ ఓ సదస్సు పెడుతున్నామమ్మా. అలసిపోకుండా, పదికాలాలు పనికొచ్చే పరిశోధన ఎలా చెయ్యాలి అని. మూడింటికి మొదలు. మీరే మాట్లాడాలి. మీకంటే తగినవాళ్ళెవరున్నారు?"

"సరేనండి" అంది, ఒక మెట్టు మీద అడుగు తప్పబోయి నిలదొక్కుకుంటూ.

మెట్ల మలుపులో పిండిపిల్ల నిలబడి ఉంది. ఆ అమ్మాయి ఐదేళ్ళుగా ఊళ్ళోని ఐదు పిండిమరల చుట్టూ తిరుగుతూ, అక్కడి పనివాళ్ళ చేత గొట్టంలోకి ఊదించి వాళ్ళ ఊపిరి కొలుస్తోంది. మర నుంచి తిన్నగా క్లాసుకొచ్చిన రోజున కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. అలా వచ్చిందే ఆ పేరు. శుక్రవారం నాలుగింటికల్లా థీసిస్ ఆఫీసులో ఇవ్వాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు, మూడోసారి పెంచరు. దాటితే పేరు కొట్టేస్తారు. గైడు సంతకం లేకుండా తీసుకోరు. ఆరు అధ్యాయాల్లో ఒక్కటి తప్ప అన్నీ అయిపోయాయి. ఐదోదే తేలడం లేదు.

"మేడమ్, ఐదో చాప్టర్..."

"నడుస్తూ మాట్లాడదాం పద. తొమ్మిదిన్నరకి మీటింగు."

అమ్మాయి పక్కనే నడిచింది. ఒక మరలో పనివాళ్ళు గింజలు పోసే గరాటు చుట్టూ గోనెపట్టాలు తడిపి వేలాడదీసుకున్నారు. దాంతో దుమ్ము సగానికి సగం తగ్గింది. ఐదో అధ్యాయంలో ముఖ్యమైంది ఆ సంగతే. ఆవిడ పేజీలు గబగబా తిప్పింది. మూడు పేజీల మీద అడ్డంగా ఒకటే గీత గీసి, పక్కన రాసింది: "ఇది శాస్త్రం కాదు, చిట్కా. తీసెయ్యి."

అమ్మాయి ఆ గీత వంక చూసింది. ఏదో అనబోయింది. మీటింగు గది తలుపు దగ్గర ఎవరో మేడమ్ కోసం తలుపు తీసి పట్టుకున్నారు.

"సరే మేడమ్" అంది అమ్మాయి.

*

అత్తగారికి ఎనభై ఏళ్ళు. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. మంగళవారం పొద్దున కోడలు వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, ఓ చేత్తో పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ శుక్రవారం ఉపన్యాసం తయారుచేసుకుంటుంటే, ఆవిడ వెనకనించి వంగి పెద్దక్షరాలు చదివింది.

"'మొదటి సూత్రం: కాదనడం నేర్చుకోండి.' ఎవరు నేర్పుతున్నారమ్మాయ్ ఇది?"

"నేనే అత్తయ్యా."

పెద్దావిడ దగ్గు వచ్చేదాకా నవ్వింది. "తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుందే! మొన్న నా కంటిమందు తెస్తానన్నావు. నిన్నా తెస్తానన్నావు."

"సరే అత్తయ్యా, ఇవాళ తప్పకుండా..."

"ఆ 'సరే' ఒకటి అనకు. తెస్తే తే, లేకపోతే తేలేనని చెప్పు. మా వాడి చేత తెప్పించుకుంటాను. నువ్వు సరే అన్నావని నేను వాడికి చెప్పడం మానేశాను, చూడు, అదీ నాకు జరిగిన నష్టం."

పాలు పొంగాయి. ఆవిడ పొయ్యి తుడిచి, రెండో సూత్రం బస్సులో రాసుకోవచ్చనుకుని బయల్దేరింది.

ఆఫీసులో సదస్సు హాలు కోసం సంతకం పెడుతుండగా గుమాస్తా తల ఎత్తకుండానే అన్నాడు, "మీ పిండిపిల్ల నిన్న సాయంత్రం మానేసే ఫారం పట్టుకెళ్ళిందండి."

"ఏం మానేసే ఫారం?"

"పరిశోధన మానుకుంటున్నాను అని రాసిచ్చేది. దానికెన్ని సంతకాలు కావాలని అడిగింది. ఒకటే, గైడుది, అన్నాను. హమ్మయ్య అంది."

ఆవిడకి ముందు కోపమే వచ్చింది. ఐదేళ్ళు వెంటపెట్టుకుని తిప్పితే, ఇంకో నాలుగు రోజులుందనగా, తనతో మాట మాత్రం చెప్పకుండా! అన్ని మెట్లూ ఒక్క ఊపున ఎక్కి విద్యార్థుల గదికి వెళ్ళింది. అమ్మాయి లేదు. బల్ల శుభ్రంగా ఉంది. ఎడమ మూల ఐదు కాగితాల కట్టలు, ఒక్కోదానికీ ఒక్కో దారం, మీద తేదీ. పక్కనే ఆ ఫారం, ఖాళీగా.

నిలబడే పై కట్ట తీసింది. నిన్నటిది. "ఇది శాస్త్రం కాదు, చిట్కా. తీసెయ్యి." దాని కిందది నవంబరుది. అందులో గోనెపట్టా పేజీలు లేనే లేవు. వాటి చోట ఎర్ర సిరాతో ఉంది: "ఇంత పరిశోధన చేసి పనివాళ్ళకి ఒరిగిందేమిటి? ఆ పట్టా సంగతి ఎక్కడ? చేర్చు." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆగస్టుది: "పట్టా గోల ఎందుకు? తీసెయ్యి." మే నెలది: "అసలు ముఖ్యమైంది వదిలేశావు. చేర్చు." అట్టడుగున ఫిబ్రవరిది: "పక్కదారి పట్టావు. తీసెయ్యి."

ఇంకెవరైనా దిద్దారేమో అని చూసింది. లేదు. ఆ కొక్కెంలాంటి 'య్యి' తనదే. మే నెల పేజీ మీద టీ కప్పు మరక ఉంది. అది ఏ మీటింగులో పడిందో కూడా గుర్తొచ్చింది. మరక గుర్తుంది, రాసింది గుర్తులేదు. ఐదుసార్లూ ఆ అధ్యాయాన్ని తను కొత్తగానే చదివింది. ఐదుసార్లూ అమ్మాయి కిందటిసారి ఇలా అన్నారు కదా అనలేదు. సరే మేడమ్ అని వెళ్ళి తీసింది, సరే మేడమ్ అని వెళ్ళి చేర్చింది.

ఫోను మోగింది. కమిటీ వాళ్ళు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తలేదు గానీ, అది మోగుతున్నంతసేపూ ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుంది.

*

అమ్మాయి ఫోను ఎత్తడం లేదు. బుధవారాలు ఆ గోనెపట్టాల మరలో ఉంటుందని పక్క బల్లవాళ్ళు చెప్పారు. తన విద్యార్థి ఏ రోజు ఎక్కడుంటుందో పక్క బల్లవాళ్ళకి తెలిసి తనకి తెలియకపోవడం ఆవిడకి గుచ్చుకుంది.

దుమ్ము మీద పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషి పిండిమరలో అడుగుపెట్టి ఎనిమిదేళ్ళయింది. వీధి మలుపులోనే నేల వణుకు కాళ్ళకి తెలిసింది. లోపల మరని తిప్పే తోలు పటకా గిరగిర తిరుగుతోంది. మోటారు హోరులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. గోడలు, సంచులు, తీగలు, మనుషుల చెవులు, అన్నిటి మీదా ఒకే తెలుపు. గరాటు దగ్గర ఒకతను బస్తా భుజాన ఎత్తి గింజలు వంచగానే దుమ్ము గుప్పున లేచి అతని నడుము పైభాగం కనిపించకుండా పోయింది.

అమ్మాయి ఓ మూల బస్తా మీద కూర్చుని, ఎదురుగా ఉన్న పెద్దాయన చేత గొట్టంలోకి ఊదిస్తోంది. మేడమ్‌ని చూసి లేచి నిలబడింది. ఆయన్ని మధ్యలో ఆపలేక మళ్ళీ కూర్చుంది. మూడుసార్లు ఊదాలి.

మర మేస్త్రి నూనెగుడ్డకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఎవరమ్మా మీరు?"

"ఆ అమ్మాయి గైడుని."

మేస్త్రి ఆవిడని తేరిపార చూశాడు. బయటికి రమ్మని సైగ చేశాడు. గుమ్మం ముందు హోరు కాస్త తగ్గింది.

"పట్టా కట్టడం దండగన్నది మీరేనామ్మా?"

"నేనెప్పుడన్నాను? ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఓనరుకి ఆ పట్టా ముందునించీ గిట్టదు. రెండు గంటలకోసారి తడపాలి కదా, అంతసేపు గింజ పొయ్యడం ఆగుతుంది. ఈ అమ్మాయి వచ్చినప్పుడల్లా అడుగుతాడు, మీ పెద్ద చదువులవాళ్ళు దాన్ని పుస్తకంలో ఎక్కించారా అని. ఈ పిల్లకి అబద్ధం చెప్పడం చేతకాదు. ఫిబ్రవరిలో తీసేశారంది. చదువుకున్నవాళ్ళే కొట్టేశాక మనకెందుకురా అని పీకించాడు. మళ్ళీ ఎండాకాలంలో ఎక్కించారంది. కట్టనిచ్చాడు. వానాకాలంలో పీకించాడు. చలికాలంలో కట్టనిచ్చాడు." మేస్త్రి లోపలికి వేలు చూపించాడు. "ఇవాళ పొద్దున్నే పీకించాడు."

గరాటు చుట్టూ నాలుగు మేకులున్నాయి, ఏమీ లేకుండా.

"మేం మాత్రం ఈ పిల్లనేం అనలేదమ్మా. ఆమె పైన ఇంకెవరో ఉన్నారనుకున్నాం. ఉండే ఉంటారు కదా, అందరికీ."

ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్ళలో పిండి పడిందని తుడుచుకుంది గానీ పిండి వల్ల కాదు. తను గది నుంచి గదికి పరిగెడుతూ గీసిన గీత ఒకటి ఇక్కడిదాకా వచ్చి మనుషుల ముక్కుల ముందున్న గోనె పీకేసిందంటే ఎంతకీ మింగుడుపడలేదు. పనెక్కువై తను నలిగిపోతున్నాననుకుంది ఇన్నాళ్ళూ. నలుగుతున్నవాళ్ళు వేరే ఉన్నారు.

అమ్మాయి పుస్తకం సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. ఇద్దరూ బస్సుస్టాపుకి నడిచారు.

"నాకెందుకు చెప్పలేదు? పోయినసారి తీసెయ్యమన్నారు, ఈసారి చేర్చమంటున్నారు అని ఒక్క మాట?"

"ఎప్పుడు చెప్పమంటారు మేడమ్?" గొంతులో కోపం లేదు, అదే బాధనిపించింది. "మీరు నడుస్తుంటే పక్కన నడుస్తూ చెప్పాలి. మెట్లయిపోయేసరికి నా మాట సగంలో ఉంటుంది. మిగతా సగం కోసం మళ్ళీ మూడు వారాలు తిరగాలి. దానికన్నా మళ్ళీ రాయడమే తేలిక."

"ఆ ఫారం..."

"నింపలేదండి. నింపుదామని కూర్చున్నా. కారణం అన్న చోట ఏం రాయాలో తెలీలేదు."

"పరిశోధన మానేద్దామనుకున్నదానివి, ఇవాళ మరకి ఎందుకొచ్చావు?"

"వస్తానని చెప్పాను కదండి వాళ్ళకి" అంది అమ్మాయి.

బస్సు వచ్చింది. ఆవిడ అమ్మాయి పక్కనే కూర్చుని, "రేపు పొద్దున తొమ్మిదింటికి రా. రోజంతా నీకే" అంది. అమ్మాయి తల ఊపింది గానీ నమ్మినట్టు కనిపించలేదు. ఎలా నమ్ముతుంది? ఆ మాట అంతకుముందు రెండుసార్లు విన్నదే.

*

గురువారం తొమ్మిదింటికి అమ్మాయి రాగానే తలుపు మూసి, ఫోను సొరుగులో పడేసింది. అరగంట నానా అవస్థ పడింది. కాలు ఊగుతుంది. చెయ్యి సొరుగు వైపు పోతుంది. తలుపు అవతల అడుగుల చప్పుడు వినగానే లేవబోతుంది. ఫిబ్రవరి నాటి అధ్యాయం మొదటి పేజీ మూడుసార్లు చదివింది. నాలుగోసారికి గానీ తలకెక్కలేదు.

తర్వాత ఎక్కింది. ఎంత బాగా రాసింది ఈ పిల్ల! పట్టా ఎన్ని అంగుళాలు, ఎన్ని గంటలకి ఆరుతుంది, ఎవరు తడపాలి, తడిపేవాడు బస్తా మోసే వంతు ఎలా మారుతుంది, అంతా వరసగా, పనివాడి చెయ్యి పట్టుకుని చూపిస్తున్నట్టు ఉంది. అచ్చులో వచ్చిన తన వ్యాసాల్లో ఇంత స్పష్టంగా ఉన్నవి రెండో మూడో ఉంటాయేమో. ఆ రెండూ మూడూ కూడా పాతికేళ్ళ కిందటివి, ఒక్క కమిటీలోనూ లేని రోజులవి.

పదకొండింటికి పెద్దసారు తనే వచ్చి తలుపు కొట్టాడు. ఆవిడ గుమ్మంలో నిలబడే చెప్పింది. "రేపు నేను మాట్లాడలేనండి."

"పోస్టర్లు కూడా అంటించామమ్మా! మీకేం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నాకు తెలీని సంగతి ఎలా చెప్పను?"

"తెలిసే చెబుతున్నామా మనందరం?" అన్నాడు పెద్దసారు, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఉద్యోగంలో చేరాక ఒక మనిషి మొహం మీద కాదనడం అదే మొదలు.

మధ్యాహ్నం అమ్మాయి మర పుస్తకం తెరిచి అంకెలు సరిచూస్తుంటే ఆవిడ పక్కనుంచి తొంగిచూసింది. పన్నెండు నెలల ఊపిరి అంకెలు. పట్టా ఉన్న నెలల్లో పైకి, లేని నెలల్లో కిందికి. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. ఆవిడ పుస్తకం లాక్కుంది.

"ఇది చూశావా నువ్వు? పట్టా పెట్టారు, తీశారు, పెట్టారు, తీశారు. ప్రతిసారీ ఊపిరి దానితోపాటే మారింది! ఇంతకన్నా రుజువేం కావాలి? కావాలని చేద్దామన్నా ఇంత శుభ్రంగా కుదరదు." లేచి గదిలో అటూ ఇటూ తిరగసాగింది. "ఐదో చాప్టర్ మొత్తం దీని మీద మళ్ళీ కడదాం. గడువు సంగతి నాకొదిలెయ్. పెద్దసారుని అడిగి, కాళ్ళు పట్టుకునైనా సరే, ఓ రెండు నెలలు తెస్తాను. ఇది పెద్ద పత్రికలో పడుతుంది. నీ పేరు ముందు, నా పేరు వెనక."

ఎర్ర పెన్ను ఎప్పుడు చేతిలోకొచ్చిందో ఆవిడకే తెలియదు. ఫిబ్రవరి కట్ట మొదటి పేజీ మీదికి వంగింది.

అమ్మాయి చెయ్యి చాపి ఆ పేజీ మీద పెట్టింది. పెన్ను ఆ వేళ్ళ పక్కన ఆగింది.

"మార్చనండి."

"ఏమిటి?"

"ఇంక మార్చను మేడమ్. పట్టా తీసేసిన నెలల్లో వాళ్ళు దగ్గారు. ఆ ఊదిన పెద్దాయన ఆగస్టంతా మంచం మీదే ఉన్నాడు. అది ప్రయోగం కాదండి. మీరు తీసెయ్యమన్నారు, వాళ్ళది తీసేశారు. మీరు చేర్చమన్నారు, వాళ్ళు కట్టుకున్నారు. దాన్ని నేను రుజువని రాయలేను. రాస్తే ఆ పెద్దాయన మొహం చూడలేను." చెయ్యి పేజీ మీంచి తియ్యలేదు. "ఫిబ్రవరిలో రాసింది చాలు. అప్పుడే చాలు. ఉన్నదున్నట్టు రేపు ఇచ్చేస్తాను. మీకిష్టం లేకపోతే..." సంచిలోంచి ఆ మానేసే ఫారం తీసి బల్ల మీద పెట్టింది. కారణం అన్న చోట ఇంకా ఖాళీగానే ఉంది. "దీని మీదైనా పెట్టండి సంతకం. ఏదో ఒకదాని మీద ఇవాళే పెట్టండి."

ఆవిడకి మొహం మీద కొట్టినట్టయింది. నాకు చెప్పేంతదానివా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెద్ద పత్రిక కూడా కళ్ళ ముందు ఇంకా మెరుస్తూనే ఉంది, అది కూడా నిజమే. కూర్చుంది. నిన్న ఆ నాలుగు మేకులు చూసి ఏడ్చిన మనిషి ఇవాళ వాటితో వ్యాసం కట్టబోయింది. ఒక్క రాత్రి కూడా గడిచీ గడవకముందే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఎర్ర పెన్ను మూత పెట్టి, నీలం పెన్ను కోసం సంచులు రెండూ వెతికింది. దొరకలేదు. అమ్మాయి తనది ఇచ్చింది. థీసిస్ మొదటి పేజీ మీద సంతకం పెట్టింది. తేదీ వేస్తుంటే అమ్మాయి గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

"మీరు చదివారు కదా మేడమ్, మొత్తం?" అంది లేస్తూ.

"చదివాను."

"అది చాలండి."

*

శుక్రవారం మూడు గంటల నలభై నిమిషాలకి పిండిపిల్ల ఆఫీసులో థీసిస్ ఇచ్చింది. రసీదు తీసుకుంది. ఐదో అధ్యాయం నకలు ఒకటి విడిగా కుట్టించుకుని తిన్నగా మర ఓనరు దగ్గరికి వెళ్ళిందని గుమాస్తా చెప్పాడు. కింద హాల్లో సదస్సు జరుగుతోంది. పెద్దసారు తనే మాట్లాడుతున్నాడు. చప్పట్లు పైదాకా వినిపిస్తున్నాయి.

ఆవిడ తన గదిలో తలుపు తీసుకుని కూర్చుంది. ఇంకా ఆరుగురున్నారు. వాళ్ళకీ ఇలాగే మెట్ల మీదే దిద్దింది. ఎవరి చేత ఏం తీయించిందో, ఏది మళ్ళీ పెట్టించిందో ఒక్కటీ గుర్తులేదు. పొద్దున్నుంచి అదే కుదురుగా కూర్చోనివ్వడం లేదు. వరసగా అందర్నీ పిలవాలనుకుని మొదటివాణ్ణి రమ్మంది. రాళ్ళ క్వారీల మీద నాలుగేళ్ళుగా పనిచేస్తున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మెతక మనిషి. గుమ్మంలోనే ఆగాడు.

"లోపలికి రా. కూర్చో."

కూర్చోమనడం కొత్త. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"నువ్వు రాసినవన్నీ పట్టుకురా. ఇప్పటివి కాదు, మొదట్నించీ రాసినవి, పాతవన్నీ. ఇద్దరం కలిసి చూద్దాం. నేను తీసెయ్యమన్నవాటిలో ఉంచాల్సినవి ఉండే ఉంటాయి."

అతను ఇబ్బందిగా నవ్వాడు. "పాతవి లేవు మేడమ్. మీరు తీసెయ్యమన్నవి తీసేస్తూ వచ్చాను. ఎక్కడా దాచలేదండి."

"ఒక్కటీ లేదా?"

"లేదండి."

ఆవిడ బల్ల మీదికి వంగింది. "పోనీ, గుర్తున్నంతవరకు చెప్పు. ఏముండేది వాటిలో?"

అతను కిటికీ వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. ఆవిడ తొందరపెట్టలేదు. ఫోను మోగినా చూడలేదు.

"మొదటి సంవత్సరంలో ఒకటేదో చాలా బాగా రాశాను మేడమ్" అన్నాడు చివరికి. "మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఏం రాశానో మాత్రం గుర్తు రావడం లేదు."